జింజర్ నడిచి వచ్చిన దారి



రోమన్ పండితుడు ప్లినీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నవాడు. ఆయన రాసిన ‘ప్రకృతి చరిత్ర’ అనే లాటిన్ మహాగ్రంథం పన్నెండో భాగంలో ఆనాటి రోమ్ బజారు ధరలు కొన్ని కనిపిస్తాయి. పిప్పళ్లు పౌను 15 దెనారీలు. తెల్ల మిరియాలు 7. నల్ల మిరియాలు 4. వాటి పక్కనే ఇంకో ఘాటైన సరుకు, పౌను 6 దెనారీలు. అది మిరియపు చెట్టు వేరేనని కొందరు అనుకుంటున్నారనీ, రుచి దగ్గరగా ఉన్నా ఆ మాట నిజం కాదనీ ప్లినీ రాశాడు. అది అరేబియాలోనూ, ఎర్రసముద్రం అవతల ఆఫ్రికా ఒడ్డున గుహల్లో బతికే జనం ఉండే దేశంలోనూ పండుతుందని కూడా రాశాడు. ఆ సరుకు పేరు జింగిబెరి.

అది అల్లం. ఇంగ్లీషువాళ్ల జింజర్.

ధర సంగతి ప్లినీకి తెలుసు. మిరియపు వేరు కాదన్నదీ సరైన మాటే. పండే చోటు విషయంలోనే పొరబడ్డాడు. అదే శతాబ్దంలో ఓషధుల గ్రంథం రాసిన గ్రీకు వైద్యుడు డయస్కొరిడీస్ కూడా ఆ చోటే చెప్పాడు. సరుకు అరబ్బు రేవుల మీదుగా వచ్చేది కనుక అమ్మినవాడి దేశాన్నే పండిన దేశం అనుకున్నారు. అమ్మినవాడికి ఆ అభిప్రాయాన్ని దిద్దవలసిన అవసరమూ లేదు. కానీ ఆ ఇద్దరూ తమ చేత్తో రాసిన పేరు మాత్రం వేరే ఊరి సంగతి చెబుతోంది. అది దక్షిణ భారతపు పేరు. అందులో సగం మాట మనం ఇవాళ్టికీ తెలుగులో అంటున్నాం. ఇది ఎలా తేలిందన్నదే ఈ ప్రసంగం.

ఇంగ్లీషు నుంచి వెనక్కి వెళ్దాం. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఈ మాటను జింజిఫెర్ అని రాసేవారు. ఆ రోజుల్లో రెండు అచ్చుల మధ్య ఎఫ్ అక్షరం పడితే దాన్ని వకారంగా పలికేవారు. కాబట్టి నోటి మీద అది జింజివెర్. వాళ్లకు ఈ మాట చర్చి లాటిన్ నుంచీ, వైద్యుల పుస్తకాల నుంచీ వచ్చింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అదే మాట ఫ్రెంచి వేషంలో మరోసారి వచ్చింది, జింజివ్ర్ అని. పాతదీ కొత్తదీ కలిసిపోయి, పలుకులో వకారం క్రమంగా నలిగిపోయి, చివరికి జింజర్ మిగిలింది. ఇప్పటి మాట చివర వినిపించే ఆ ‘అర్’ ఒకప్పటి ‘వెర్’. దీన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి.

యూరప్ అంతటా ఈ మాటే రకరకాలుగా ఉంది. ఫ్రెంచిలో జాంజాంబ్ర్, ఇటాలియన్‌లో జెంజెరో, రష్యన్‌లో ఇంబీర్. ఫిన్లాండు వాళ్లు ఇంచుమించు ఇంకివేరి అంటారు. జర్మన్‌లో ఇంగ్వర్. పాత జర్మన్‌లో మొదట గకారం ఉండేది, గింగిబెరో అని. మధ్యయుగాల్లో ఆ మొదటి హల్లు రాలిపోయింది. మాట మొదట్లోని హల్లు ఇలా రాలడం జర్మనీ వాళ్ల వింత అలవాటేమీ కాదు. ఈ కథకు అసలు కీలకం అక్కడే ఉంది, కాసేపట్లో వస్తాను.

దారిలో ఒక చిన్న మజిలీ. ఇంగ్లీషులో జింజర్‌బ్రెడ్ అనే తినుబండారం ఉంది. పేరు వినగానే అల్లం వేసిన రొట్టె అనుకుంటాం. పాత ఫ్రెంచిలో జింజెంబ్రాస్ అంటే నిల్వచేసిన అల్లం. రొట్టెకూ దానికీ సంబంధం లేదు. ఇంగ్లీషువాళ్ల చెవికి ఆ చివరి ‘బ్రాస్’ అర్థం కాలేదు. తెలిసిన మాటల్లో దానికి దగ్గరగా ఉన్నది బ్రెడ్. అలాగే పలకడం మొదలుపెట్టారు. పేరులో రొట్టె చేరాక, తినే పదార్థమూ మెల్లగా పేరుకు తగ్గట్టు మారిపోయింది. తెలియని మాటను తెలిసిన మాటగా వినడం అన్ని దేశాల్లోనూ జరుగుతుంది. మన పండితుల దగ్గరా, ఇదే అల్లం విషయంలోనే, ఇదే జరిగింది.

లాటిన్ జింగిబెరి గ్రీకు జింగిబెరిస్ నుంచి వచ్చింది. గ్రీకులకు అది తూర్పు నుంచి వచ్చిన మాట. అటు అరబ్బీలో జంజబీల్. ఖురాన్ 76వ సూరాలో స్వర్గవాసులకు ఇచ్చే పానీయం జంజబీల్ కలిపినదని ఉంటుంది. పారశీకం, అరమాయిక్ భాషల మీదుగా అరబ్బీలోకి చేరే సరికి చివరి రేఫ లకారమైంది. యునానీ వైద్యంలో శొంఠిని ఇప్పటికీ జంజబీల్ అనే అంటారు. హైదరాబాదు హకీము చీటీ మీద ఆ పేరు రాశాడంటే, దక్షిణాదిన పుట్టిన మాట పారశీకం, అరేబియా తిరిగి మళ్లీ దక్షిణాదికే చేరినట్టు. నాకు ఈ సంగతి ఎంత తలచుకున్నా ముచ్చటగానే ఉంటుంది.

ఇక మన దేశంలోకి వద్దాం. బౌద్ధుల వినయపిటకంలో మహావగ్గం అనే భాగం ఉంది. జబ్బుపడిన భిక్షువులు ఏయే మందులు దగ్గర ఉంచుకోవచ్చో అందులో చెప్పారు. వేళ్లలో, దుంపల్లో బుద్ధుడు అనుమతించినవాటి పట్టీ పసుపుతో మొదలవుతుంది. రెండోది సింగివేరం. ఆ తర్వాత వస, అతివస, కటుకరోహిణి, ఇంకా వట్టివేరు, తుంగముస్తె. మన నాటువైద్యుడి సంచిలో ఇప్పటికీ ఉండే సరుకులే. పాళీ సింగివేరం అల్లమే. గ్రీకు జింగిబెరిస్‌కు ఇంత దగ్గరగా ఉన్న భారతీయ రూపం ఇదే. దారిలో సకారం జకారం అయింది, వకారాన్ని గ్రీకులు బకారంతో రాసుకున్నారు, చివరి ప్రత్యయం తప్ప మిగతాదంతా అక్షరం అక్షరం అలాగే ఉంది.

సంస్కృతంలో దీన్ని శృంగవేరం అంటారు. అమరకోశం అల్లానికి ఆర్ద్రకం, శృంగవేరం అని రెండు పేర్లూ కలిపి చెబుతుంది. ఆర్ద్రకం అంటే తడిగా ఉన్నది, పచ్చి అల్లం. హిందీ, ఉర్దూల్లోని అద్రక్ దాని నుంచే వచ్చింది. శృంగవేరానికి పండితులు చెప్పిన అర్థం కొమ్ములాంటి శరీరం కలది అని. శృంగం కొమ్ము, వేరం శరీరం. చూడబోతే ఎంతో సహజంగా ఉంది. మనమూ అల్లం కొమ్ము అంటాం, పసుపుకొమ్ము, శొంఠికొమ్ము అంటాం. దుంప నిజంగానే దుప్పి కొమ్ములా కొమ్మలు వేసి ఉంటుంది. అందుకే ఈ వ్యాఖ్య శతాబ్దాల పాటు నిలిచింది.

రామాయణం విన్నవాళ్లందరికీ ఈ మాట ఇంకోలా కూడా తెలుసు. రాముడు గంగ దాటే ముందు గుహుణ్ణి కలుసుకున్న ఊరు శృంగవేరపురం. మన పురాణశ్రవణాల్లో శృంగిబేరపురం అని వింటాం. ప్రయాగ్‌రాజ్‌కు ఎగువన గంగ ఒడ్డున ఆ ఊరు ఇప్పటికీ ఉంది, సింగ్రౌర్ అని పిలుస్తారు. పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ అక్కడ తవ్వకాలు జరిపి రెండువేల ఏళ్ల కిందటి ఇటుకల చెరువును బయటపెట్టారు. అక్కడివాళ్లు ఊరి పేరును ఋష్యశృంగ మహర్షితో ముడిపెడతారు. అక్షరాలు చూస్తే మాత్రం అది శృంగవేరం, పురం. అయోధ్యాకాండ పారాయణ జరిగిన ప్రతిసారీ ఈ మాట మన చెవిన పడుతూనే ఉంది.

కొమ్ము అనే వ్యాఖ్య ఎక్కడ కుదరలేదంటే, మొదట వేరం దగ్గర. శరీరం అనే అర్థంలో వేరం నిఘంటువుల్లో ఉంది గానీ కావ్యాల్లో, వాడుకలో వెతకాల్సిందే. దాదాపు ఈ ఒక్క మాటను విడదీయడానికే పుట్టినట్టుంటుంది. రెండోది, పాళీ రూపంలో సింగి అని ఇకారం ఉంది. జనం నోట ముందు సింగివేరం ఉండి, దాన్ని పండితులు శృంగంతో సరిపెట్టుకుని సంస్కరించారంటే అన్నీ అతుకుతాయి. ఇంగ్లీషువాళ్లు బ్రాస్‌లో బ్రెడ్ విన్నట్టే మనవాళ్లు సింగిలో శృంగం విన్నారు.

ఈ అనుమానం హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ రాసిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో 1886లో అచ్చయింది. భారతదేశంలో ఇంగ్లీషువాళ్ల నోట నలిగిన మాటల నిఘంటువు అది. బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉద్యోగం చేసినవాడు, దక్షిణాది భాషలు క్షుణ్ణంగా నేర్చినవాడు. కొమ్ముతో కలిపిన సంస్కృత వ్యుత్పత్తి ఊహేననీ, బయట నుంచి వచ్చిన మాటకు తొడిగిన రూపమనీ వాళ్లు రాశారు. మంచి అల్లానికి మలబారు తీరం పేరుపొందింది. అక్కడ మలయాళంలో అల్లాన్ని ఇంచి అంటారు, ఇంచివేర్ అని కూడా అంటారు. తమిళంలోనూ ఇంజి. వేర్ అంటే వేరు. తెలుగులో వేరు, కన్నడంలో బేరు, తమిళ మలయాళాల్లో వేర్. జింజర్ చివర నలిగిపోయిన ఆ ‘వెర్’ ఇదే.

తెలుగులో ఇంజి లేదు. మనకూ కన్నడిగులకూ అల్లం ఉంది, ఎండితే శొంఠి. అందువల్ల మాటలోని మొదటి సగాన్ని మనం గుర్తుపట్టలేం. రెండో సగం మాత్రం ఏ తెలుగు పిల్లవాడికైనా తెలిసినదే. ఇదే వేరు ఇంకో దారిలోనూ ఇంగ్లీషులోకి వెళ్లింది. వట్టివేరును తమిళంలో వెట్టివేర్ అంటారు. ఫ్రెంచివాళ్లు దాన్ని పట్టుకెళ్లి అత్తర్లకు వాడుకున్నారు, వాళ్ల నుంచి ఇంగ్లీషులోకి వెటివెర్ వచ్చింది. ఈ ప్రయాణం ఆలస్యంగా జరిగింది కాబట్టి వకారం నలిగే అవకాశం దొరకలేదు.

ఇంతవరకూ విన్నవాళ్లకు ఒక అభ్యంతరం తోచాలి. తోచకపోతే నేను సరిగా చెప్పనట్టు. తమిళంలో ఇంజి, పాళీలో సింగి. ఆ సకారం ఎక్కడి నుంచి వచ్చింది? అరువు తీసుకున్నవాళ్లు లేని హల్లును తమంతట తాము తగిలించుకున్నారా? వినడానికి దగ్గరగా ఉన్నాయి గదా అని సరిపెట్టుకోవడం ఇక్కడ చాలదు. పోలిక ఎంతకైనా మోసం చేస్తుంది. ఇంగ్లీషులో జింజర్లీ అనే మాట ఉంది, జాగ్రత్తగా, సున్నితంగా అని అర్థం. చూపుకు జింజర్‌కు బిడ్డలా ఉంటుంది. కానీ అది నాజూకు అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని నిఘంటుకారులు అంటారు. లాటిన్‌లో పళ్ల చిగురును జింజీవా అంటారు, దానికీ అల్లానికీ చుట్టరికం లేదు. ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌కూ జంజబీల్‌కూ కూడా లేదు. మాట పుట్టుక చెప్పేవాడు ప్రతి అక్షరానికీ జవాబు చెప్పాలి. ఒక్క సకారం మిగిలిపోయినా కథ ఒప్పుకోకూడదు.

ఆ సకారానికి జవాబు ఆదిలాబాదు అడవుల్లో ఉంది.

అక్కడి గోండులు మాట్లాడే గోండి భాషలో అంకెలు వినండి. మన నాలుగు వాళ్లకు నాలుంగ్. మన అయిదు వాళ్లకు సయ్యుంగ్. మన ఆరు వాళ్లకు సారుంగ్. అయిదూ ఆరూ తెలుగులో అచ్చుతో మొదలవుతాయి, గోండిలో సకారంతో. ఇంకో రెండు మాటలు చూద్దాం. మన ఉప్పు ఆదిలాబాదు గోండిలో సోవర్. ఇవ్వడం అనే క్రియకు మన పాత ధాతువు ఈ, దానం ఈయడంలోని ఈ. గోండిలో అది సీ. ఇలా ఒకటి రెండైతే యాదృచ్ఛికం అనవచ్చు. ఇవి వరుసగా దొరుకుతాయి. దీన్నిబట్టి భాషావేత్తలు తేల్చినదేమిటంటే, మూల ద్రావిడంలో ఈ మాటలన్నిటికీ మొదట్లో ఒక చకారం ఉండేది. అది కొన్ని చోట్ల సకారమైంది, సకారం హకారమైంది, హకారం చివరకు పోయింది. తమిళ మలయాళాల్లో ఎంతో పూర్వమే పోయింది. తెలుగులోనూ చాలా మాటల్లో పోయింది. గోండి దాన్ని దాచిపెట్టుకుంది.

అల్లం మాట కూడా ఆ వరుసలోదే అయితే ఇంజికి పూర్వరూపం చింకి, లేదా దానికి దగ్గరగా ఉన్నదేదో అయ్యుండాలి. చింకివేర్. దాని నుంచి సింగివేరం రావడంలో ఇక ఏ అడ్డూ లేదు. అరువు తీసుకున్నవాళ్లు కొత్తగా హల్లు తగిలించలేదు. అరువు ఇచ్చినవాళ్లే తర్వాత పోగొట్టుకున్నారు. ఉత్తరాది జనం ఈ మాట తీసుకున్న నాటికి దక్షిణాదివాళ్లు దాన్ని మొదటి హల్లుతో సహా పలుకుతున్నారన్నమాట. కాలం గురించి రాతలేవీ చెప్పని సంగతిని ఒక్క అక్షరం చెబుతోంది. జర్మన్ ఇంగ్వర్‌లో మొదటి హల్లు రాలిపోయిందని చెప్పాను గదా. అక్కడి కారణం వేరు, కాలం వేరు. కానీ ఇంగ్వర్, ఇంచివేర్ పక్కపక్కన పెడితే ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. దూరాన ఉన్న రెండు భాషలు వేర్వేరుగా ఒకే హల్లు చోటును ఖాళీ చేసుకుని మళ్లీ ఒకేలా వినిపిస్తున్నాయి. పోలికను నమ్మవద్దని ఇందుకే అంటాను.

ఈ చకారం పోయిన తీరును వివరంగా పరిశీలించినవారు మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు. 1928లో ఒంగోలులో పుట్టి, ప్రపంచంలో ద్రావిడ భాషల గురించి ఎవరు మాట్లాడాలన్నా తన పేరు చెప్పవలసినంత పని చేసి, 2012లో వెళ్లిపోయారు. ఆయన 1998లో గోండి మాండలికాల మీద ఒక వ్యాసం ప్రచురించారు. గోండి ఒక్కచోట మాట్లాడే భాష కాదు, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ అంతటా విస్తరించి ఉంది. కొన్ని చోట్ల మాట మొదట సకారం వినిపిస్తుంది, కొన్ని చోట్ల హకారం, దక్షిణాన కొన్ని చోట్ల ఏదీ ఉండదు. మనకు ఎంతో పూర్వమే ముగిసిపోయిన మార్పు అక్కడ జనం నోళ్లలో జరుగుతూ కనిపిస్తుంది. ఆ మార్పు అన్ని మాటల్నీ ఒకేసారి పట్టుకోదని, మాట నుంచి మాటకు పాకుతూ చివరకు అన్నిటినీ చుట్టేస్తుందని ఆయన లెక్కలు వేసి చూపించారు. ధ్వని మార్పు ఒక నియమం ప్రకారం జరుగుతుందా, మాటమాటకూ విడిగా జరుగుతుందా అని యూరప్ పండితులు తరతరాలుగా వాదించుకున్న ప్రశ్న అది. దానికి గోండుల మాట ఒక జవాబు ఇచ్చింది.

అల్లం మాట మీదే ఒక పుస్తకం కూడా ఉంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలన్ రాస్ 1952లో రాశాడు. ఒక్క మాట ఎన్ని భాషల్లో ఎలా మారిందో చెప్పడానికే. తర్వాత 1961లో భాషావేత్తలు బరో, ఎమెనో కలిసి ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెచ్చారు, 1984లో దాన్ని పెంచారు. ఇంజి పక్కన సింగివేరం, శృంగవేరం చేర్చి చూపించిన చోటు అందులో ఉంది. ఇలాంటి పుస్తకాలు తెలుగు ఇళ్లలో పురాణాల పక్కన ఉండదగినవని నా నమ్మకం.

చింకి దగ్గర కూడా దారి ఆగకపోవచ్చు. అల్లం ఇప్పుడు ఎక్కడా అడవి మొక్కగా దొరకదు. మనుషులు నాటితేనే ఉంది, విత్తనంతో కాక దుంప ముక్కతోనే పెరుగుతుంది. అది మొదట ఆగ్నేయాసియా ద్వీపాల వైపు మచ్చికైన మొక్క అని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. థాయ్ భాషలో అల్లాన్ని ఖింగ్ అంటారు. దుంపతో పాటు పేరు కూడా తూర్పు నుంచి ఓడ ఎక్కి ద్రావిడ భాషల్లోకి వచ్చి, ఇక్కడ వేరును తగిలించుకుందని కొందరు పండితులు ప్రతిపాదించారు. ఖింగ్‌కూ చింకికీ మధ్య ప్రతి అక్షరానికీ జవాబు చెప్పినప్పుడే ఆ మాట నిలబడుతుంది. ఇంకొక చిన్న సంగతి. అల్లం నిజానికి వేరు కాదు, నేలలో అడ్డంగా పెరిగే కాండం. విలియం రోస్కో 1807లో దానికి శాస్త్రీయ నామం స్థిరపరిచినప్పుడు పెట్టిన పేరు జింజిబెర్ అఫిసినాలె. అందులో మన వేరు శాశ్వతంగా ఉండిపోయింది.

ఇంజి అనే ఆ మొదటి సగం జాడ తీయాలంటే రాతకు ఎక్కని భాషల్లోనే వెతకాలి. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండి, కొలామి మాట్లాడే శ్రోతలు, భద్రాచలం, చింతూరు వైపు కోయ మాట్లాడేవాళ్లు, అరకు కొండల్లో కుబి, కువి మాట్లాడేవాళ్లు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు నా విన్నపం ఇది. అల్లానికి, పసుపుకు, అడవిలో తవ్వి తెచ్చే ప్రతి దుంపకు మీ అమ్మమ్మ, తాతయ్య ఏ పేరు చెబుతారో అడిగి రాసుకోండి. రికార్డు చేసుకోగలిగితే ఇంకా మంచిది. మొదటి అక్షరం సకారమో, హకారమో, అచ్చో జాగ్రత్తగా వినండి. పక్క ఊరిలో వేరేగా అంటే అదీ రాయండి, ఏ ఊరో, ఎవరు చెప్పారో తేదీతో సహా.